రెండు బీరువాలూ, మూడో ఆదివారమూ

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా జరిగిన సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. సర్వీసులో ఉన్నప్పుడు నోటు రెండు పేజీలు దాటితే మా సూపరింటెండెంటుగారు తిప్పి పంపేవారు. అందుకని క్లుప్తంగా రాయడం అలవాటైంది గాని, క్లుప్తంగా మాట్లాడటం ఎవరూ నేర్పలేదు. కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి.

ఇవాళ 17 డిసెంబరు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు డి.ఎస్. నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షను సర్కారు దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చింది. ఆ తీర్పు గురించి నాకంటే ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు కనుక నేను మళ్ళీ చెప్పను. ఒక్క మాట మాత్రం గుర్తు చేస్తాను. ఆ కేసంతా ఒక తేదీ మీద నడిచింది. 31-3-1979కి ముందు రిటైరైన వాళ్ళకు ఒక లెక్క, తరువాత రిటైరైన వాళ్ళకు ఇంకో లెక్క ఏమిటని నకారాగారు అడిగారు. కాగితం మీద ఒక తేదీ మనిషి జీవితాన్ని ఎంత మారుస్తుందో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? నేను చెప్పబోయేది కూడా కొంత తేదీల వ్యవహారమే.

ఇవాళ్టి ఎజెండాలో నాలుగో అంశం చూడండి. "సంఘం గదిలోని రెండు బీరువాలను తొలగించి, ఆ స్థలమును లైఫ్ సర్టిఫికెట్ల కంప్యూటరుకు కేటాయించుట." దీని మీద మాట్లాడతానని నేనే పేరిచ్చాను.

కొత్తగా చేరిన సభ్యులు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ బీరువాల సంగతి మొదట చెప్పాలి. 2011లో మన సభ్యుడొకాయన కాలం చేశారు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఇల్లు వారాసిగూడ వైపు. పిల్లలు పరదేశంలో ఉన్నారు. పన్నెండో రోజు కాగానే ఇల్లు ఖాళీ చేయాలని తొందరపడ్డారు. వాళ్ళను నేను తప్పుపట్టను, సెలవులు అంతవరకే దొరికాయి. నేను పాలకోసం వెళ్తుంటే రద్దీవాలా తోపుడుబండి మీద ఆయన ట్రంకు పెట్టె కనిపించింది. మూత తెరిచి ఉంది. లోపల ఎర్రనాడాలతో కట్టిన కట్టలు. కట్టలు కట్టిన తీరు చూస్తేనే తెలిసింది, అవి మన మనిషి చేతి కట్టలని. కిలో లెక్కన బేరమాడి ట్రంకుతో సహా ఇంటికి పట్టించుకొచ్చాను. మా ఇంట్లో ఏమన్నారో సభలో చెప్పదగినది కాదు.

అందులో ఉన్నవి: నిజాం కాలం నాటి రైలు పాసొకటి, హాలీ సిక్కా లెక్కల్లో రాసిన ఇంటి జమాఖర్చు పుస్తకాలు, 1957లో నయాపైసలు వచ్చినప్పుడు అణాలను పైసల్లోకి మార్చే లెక్క అట్ట, సీతాఫల్‌మండిలో ఇల్లు అద్దెకు తీసుకున్న రాతకోతలు, ఉర్దూలో ఏవో కాగితాలు. వాటిని ఇంట్లో పెట్టుకోవడం కుదరక సంఘం గదికి తెచ్చాను. అప్పటి అధ్యక్షులు ఒక పాత గాడ్రెజ్ బీరువా ఇచ్చారు. అది చూసి ఒకరు తమ తాతగారి సేరు, సోల, తవ్వ తెచ్చి ఇచ్చారు. ఇంకొకరు రెమింగ్టన్ తెలుగు టైపు మిషను తెచ్చారు. సైక్లోస్టైల్ స్టెన్సిలు, లక్క సీలు, పాళీ కలాలు, కిరసనాయిలు కార్డు, ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. రెండో బీరువా కొన్నాం. బల్ల మీద అద్దం పెట్టి దాని కింద కొన్ని కాగితాలు పరిచాం. ఎవరో నవ్వులాటకు "మ్యూజియం" అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

మన పేట గురించి ఒక్క మాట చెప్పాలి. ఇది గోల్కొండ కాదు, చార్మినారు కాదు. సీతాఫల్‌మండి పేరులో సీతాఫలాలూ, మండీ ఉన్నాయి. తార్నాక పేరులో తీగ కంచె, నాకా ఉన్నాయని పెద్దలు చెప్పేవారు. ఒకవైపు సికింద్రాబాదు, ఒకవైపు యూనివర్సిటీ. ఆ యూనివర్సిటీ ఉన్న అడిక్‌మెట్ నేల ఒకప్పుడు మహలఖా బాయి చందా జాగీరు. 1824లో చనిపోయిన ఆ కవయిత్రి సమాధి మౌలాలి గుట్ట కింద ఉంది. ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాదిరాయి వేశారు, 1939లో భవనం తెరిచారు. లాలాగూడ రైలు కార్ఖానా ఇంకా పాతది, 1893 నాటిది. మా నాన్నగారు అక్కడ పనిచేశారు. మా పేటలో సగం మంది తండ్రులు అక్కడే పనిచేశారు. జాగీర్లకూ, కాలేజీలకూ చరిత్ర పుస్తకాలున్నాయి. కార్ఖానా కూత వినిపిస్తే టిఫిను డబ్బా పట్టుకుని పరుగెత్తినవాళ్ళ చరిత్ర ఎక్కడుంది? ట్రంకు పెట్టెల్లో ఉంది. ట్రంకులేమో తోపుడుబండ్ల మీద ఉన్నాయి.

మనకు ఫైళ్ళ డిస్పోజలు తెలుసు. ఆర్.డిస్. వేస్తే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్. వేస్తే పదేళ్ళు. ఎల్.డిస్. అయితే ఏడాది. మన ఇళ్ళలోని కాగితాలన్నింటికీ మన పిల్లలు వేసేది ఎల్.డిస్.యే. ఏడాది కూడా కాదు, పన్నెండు రోజులు.

సరే, బీరువాలు వచ్చాయి. మొదటి ఏడాది వాటిని తెరిచినవాళ్ళు లేరు. తాళంచెవి నా దగ్గరే ఉండేది. వస్తువులు బీరువాలో ఉన్నంతకాలం సామాను గదికీ మ్యూజియానికీ తేడా లేదని మనలో ఒక సోదరి అన్నారు. "తెచ్చినవాళ్ళు వచ్చి వాటి సంగతి చెప్పాలి గాని, చీటీ అతికిస్తే ఎవరు చదువుతారండీ?" అని అడిగారు. ఆ మాటతోనే మూడో ఆదివారం మొదలైంది. నెలకొకసారి, సాయంత్రం నాలుగింటికి. ఎవరో ఒకరు ఒక వస్తువు తెస్తారు, దాని గురించి చెబుతారు. తరువాత టీ, ఉస్మానియా బిస్కెట్లు. షుగరున్నవాళ్ళకు మరమరాలు. అంతే కార్యక్రమం. దండలు లేవు, శాలువలు లేవు, జ్యోతి ప్రజ్వలన లేదు.

మొదట్లో ఎనిమిది మంది వచ్చేవారు. అందులో ముగ్గురు టీ కోసం. ఏడాది తిరిగేసరికి గది నిండింది. డి.ఏ. బకాయిల గురించి పెట్టిన మీటింగులకు రాని స్త్రీలు దీనికి వచ్చారు. మన సంఘంలో ఫ్యామిలీ పెన్షనర్లు ఎంతమంది ఉన్నారో అప్పుడు గాని నాకు లెక్క తెలియలేదు. భర్త పేరు మీద సభ్యత్వం, భర్త పోయాక చందా కట్టడం, అంతవరకే వాళ్ళతో మన సంబంధం. బతుకమ్మ పండుగ ముందు వచ్చిన ఆదివారం వాళ్ళు ఇత్తడి తాంబాళాలు తెచ్చి, ఏ తాంబాళం ఏ ఊరి నుంచి కాపురానికి వచ్చిందో చెప్పుకున్నారు. ఆ రోజు మగవాళ్ళం మూడు గంటలు నోరు మూసుకుని కూర్చున్నాం. సంఘం చరిత్రలో అది మొదటిసారి.

ఇప్పుడు ఒక సంగతి కొంచెం విపులంగా చెబుతాను. ఎజెండాలోని అంశానికి ఇదే నా జవాబు.

2015లో మన ఫ్యామిలీ పెన్షనరు అక్కయ్యగారొకరు తమ పెట్టె తాళం తెచ్చారు. పాత ఇత్తడి తాళం, చెవి తిప్పితే గంట మోగుతుంది. దాని కథ చెప్పాక, మాటల్లో తన బాధ కూడా చెప్పారు. వయసును బట్టి పెరిగే అదనపు పెన్షను ఉందని మనకు తెలుసు. ఆమెకు 75 నిండాయి. అయితే పీపీఓలో ఆమె పుట్టిన తేదీ లేదు. కార్యాలయం వారు వయసుకు రుజువు అడిగారు. బడికి వెళ్ళారా అంటే వెళ్ళారు, మూడో తరగతి దాకా. సర్టిఫికెట్టు ఉందా అంటే, "ఏమో తమ్ముడూ, ఉర్దూల ఏదో కాగితం ఉండేది, పెట్టె అడుక్కు పరిచిన" అన్నారు.

మరుసటి నెల ఆ కాగితం వచ్చింది. మడతల దగ్గర చిరిగింది, చెదలు ఒక మూల తిన్నాయి. మేమెవ్వరం చదవలేం. నేను పుట్టేనాటికి హైదరాబాదు సంస్థానం యూనియన్‌లో కలిసిపోయింది. నాకు తెలుగు, ఇంగ్లీషు వచ్చు, వీధిలో మాట్లాడే ఉర్దూ వచ్చు, చదవడం రాదు. మన మధ్య అప్పుడొక పెద్దాయన ఉండేవారు, రెవెన్యూలో చేసి రిటైరైనవారు. ఆయన చదువు ఉర్దూ మీడియంలో సాగింది. ఎప్పుడూ వెనక కుర్చీలో కూర్చుని టీ తాగి వెళ్ళిపోయేవారు. చెవి సరిగా వినపడదని ఎవరూ ఎక్కువగా పలకరించేవారు కాదు. కాగితం ఆయన చేతిలో పెట్టాను.

"అద్దాలు మరిచిన. వెలుతురు దిక్కు పట్టు బిడ్డా" అన్నారు. కిటికీ దగ్గర పట్టుకున్నాను. ఆయన వేలు పెట్టి కుడి నుంచి ఎడమకు మెల్లగా చదివారు. పేరు, తండ్రి పేరు, ఊరు. చివరికి తేదీ దగ్గర ఆగారు. "17 తీర్, 1349 ఫస్లీ."

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టసాగారు: ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్... మన చైత్రం, వైశాఖం లాగా అవి ఫస్లీ నెలలు. నిజాం సర్కారులో ఏడాది అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఫస్లీ సంవత్సరానికి 591 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. మొదటి మూడు నెలల్లో మాత్రం ఒకటి తగ్గించాలి. తీర్ అనేది ఎనిమిదో నెల. "1940, మే" అన్నారాయన. ఆమె వైపు తిరిగి, "చెల్లె, నువ్వు మామిడిపండ్ల కాలంల పుట్టినవ్" అన్నారు.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా అమ్మ గదే అనేది. పండ్ల కాలంల పుట్టిందని" అన్నారు.

ఆ కాగితానికి తర్జుమా చేయించాం. నకలు మీద గెజిటెడ్ అధికారి సంతకం తీసుకున్నాం. దరఖాస్తుకు జతపరిచి పంపాం. నాలుగు నెలలకు మంజూరైంది. మొత్తం చిన్నదే కావచ్చు. మందుల షాపు బిల్లు కట్టేవాళ్ళకు తెలుస్తుంది దాని విలువ.

ఆ రోజు పెద్దాయనను ఇంటికి తీసుకెళ్ళడానికి మనవడు వచ్చాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు. తాతకు ఉర్దూ చదవడం వచ్చునని ఆ పిల్లవాడికి అప్పటిదాకా తెలియదు. ఆ తరువాత ఆరేళ్ళ పాటు పెద్దాయన వెనక కుర్చీలో కూర్చోలేదు. అద్దాలు మరిచిపోలేదు కూడా. ట్రంకులో ఉన్న ఉర్దూ కాగితాలన్నీ ఒక్కొక్కటిగా చదివి చెప్పారు, నేను తెలుగులో రాసుకున్నాను. కాగితాలు ఇంకా మిగిలి ఉండగానే, 2021లో కరోనా రెండో విడతలో వెళ్ళిపోయారు. మిగిలినవి రెండో బీరువా పై అరలో ఉన్నాయి. ఇప్పుడు ఉర్దూ పంతులుగా చేసి రిటైరైన మన సభ్యుడొకరు మాలో ముగ్గురికి అలీఫ్, బే నేర్పుతున్నారు. డెబ్బై దాటాక అక్షరాభ్యాసం. అచ్చు అక్షరాలు పట్టుబడుతున్నాయి గాని గొలుసుకట్టు రాత ఇంకా లొంగడం లేదు.

ఇదంతా మన సంఘానికి సంబంధించిన పనేనా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. చరిత్రను చరిత్రకారులకు వదిలేయకూడదా అని కూడా అంటున్నారు. వాళ్ళకు రెండు మూడు పాత సంగతులు గుర్తుచేస్తాను.

1922లో రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడింది. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం జరిగి 900 ఏళ్ళయిందని అప్పుడు ఉత్సవం జరిపి సంచిక వేశారు. మండలిలో ముఖ్యులైన రాళ్ళబండి సుబ్బారావుగారు శాసనాలు, నాణేలు సేకరిస్తూ పోయారు. చివరికి ఆయన పేరు మీదనే 1967లో గోదావరి ఒడ్డున మ్యూజియం వెలిసింది. అక్కడ ముందు మనుషులు కూడారు, తరువాత వస్తువులు కూడాయి, భవనం ఎప్పటికో వచ్చింది. మన హైదరాబాదులోనూ అదే కాలంలో పరిశోధక సంఘం ఒకటి పుట్టింది. 1923లో కొమర్రాజు లక్ష్మణరావుగారు పోయాక ఆయన పేరు పెట్టి లక్ష్మణరాయ పరిశోధక మండలి అన్నారు. ఆదిరాజు వీరభద్రరావుగారి వంటివారు ఊరూరా తిరిగి శాసనాల నకళ్ళు, తాళపత్రాలు పోగుచేశారు. 1935లో ఆ మండలి తెలంగాణా శాసనములు అచ్చువేసింది. వాళ్ళు పోగుచేయకపోతే ఆ తరువాతి చరిత్రకారులు ఏం చూసి రాసేవారు?

నుమాయిష్ సంగతి తీసుకోండి. మన పక్కనున్న ఉస్మానియా పట్టభద్రుల సంఘం వాళ్ళే దాన్ని 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టారు. సంస్థానంలో ఆర్థిక సర్వే చేయించాలి, దానికి డబ్బు కావాలి. జనాన్ని రప్పించి వినోదం పెడితే డబ్బు వస్తుందని ఆలోచించారు. సర్వే సంగతి ఇవాళ ఎవరికీ గుర్తులేదు, మిర్చిబజ్జీలు గుర్తున్నాయి. దానికి నేనేమీ చింతించను. బజ్జీలు లేకపోతే ఇన్నేళ్ళు నడిచేదా?

సాలార్‌జంగ్ మ్యూజియం నిన్నటి తేదీన, అంటే 16 డిసెంబరు 1951న, దివాన్ దేవిడీలో తెరిచారు. నెహ్రూగారు వచ్చారు. మా నాన్నగారు నన్ను మొదటిసారి తీసుకెళ్ళింది ఆ పాత దేవిడీకే. పులిహోర కట్టుకుని వెళ్ళాం. 1968లో మూసీ ఒడ్డున కొత్త భవనానికి మార్చారు. అక్కడ పరదా రెబెక్కా ఉంది, దేశదేశాల పింగాణీ ఉంది. జనం ఎక్కడ కూర్చుంటారు? కుక్ అండ్ కెల్వీ వారి గడియారం ముందు. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. మధ్యాహ్నం పన్నెండైతే పన్నెండు సార్లు కొడుతుంది కనుక ఆ వేళకు జనం మరీ ఎక్కువ. పల్లెటూరి నుంచి వచ్చిన ముసలమ్మ పక్కన కాలేజీ పిల్ల కూర్చుంటుంది. ఒకరినొకరు టైమెంతైందని అడుగుతారు. ఎదురుగా అంత గడియారం పెట్టుకుని! రెబెక్కాను చూసి ముందుకు నడిచి వెళ్ళినవాళ్ళు గడియారం దగ్గర మాత్రం కలిసి కూర్చుంటారు. నాకు తెలిసి హైదరాబాదులో టిక్కెట్టు కొని అపరిచితులు కబుర్లాడుకునే చోటు సినిమాహాలు కాదు, అదే.

విదేశాల్లోనూ ఇది కొత్త కాదు. స్వీడన్ దేశంలో హజేలియస్ అనే ఆయన 1891లో స్టాక్‌హోంలో స్కాన్సెన్ అనే ఆరుబయటి మ్యూజియం పెట్టాడు. ఊళ్ళలోని పాత ఇళ్ళను విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టాడు. ఇళ్ళు ఊరికే నిలబెడితే బొమ్మరిళ్ళలా ఉంటాయని వాటి ముందు పండుగలు చేయించాడు. 1903 నుంచి అక్కడ క్రిస్మస్ సంత కూడా జరుగుతోంది. మన శిల్పారామంలో సంక్రాంతికి గంగిరెద్దులు, హరిదాసులు వచ్చినప్పుడు నాకు ఆయనే గుర్తుకొస్తాడు.

ఇంటి పక్కనున్నదాన్ని చివరికి ఉంచాను. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. మనలో సగం మంది దాని ముందు నుంచి ముప్ఫై ఏళ్ళు బస్సులో వెళ్ళారు, లోపలికి వెళ్ళలేదు. 2018లో మూడో ఆదివారం బృందం తరఫున పదకొండు మందిమి అనుమతి తీసుకుని ఒక పనిదినాన వెళ్ళాం. అక్కడ షాజహాన్, ఔరంగజేబు కాలాల నాటి దక్కన్ కాగితాలు దాదాపు లక్షన్నర ఉన్నాయి. పర్షియన్‌లో, చేతితో చేసిన కాగితం మీద. రాజుల ఫర్మానాలు చూస్తామనుకుని వెళ్ళాం. ఎక్కువ భాగం ఏమిటో తెలుసా? గుమాస్తాల రాతలు!

ఖబ్జుల్ వసూల్ అని ఒక రకం ఉంది. జీతం ముట్టినట్టు రసీదు. మన అక్విటెన్స్ రోలే. అర్జ్-ఒ-చెహ్రా అని ఇంకొకటి. కొలువులో చేరిన సిపాయి పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి రంగు, నుదురు, కనుబొమలు, ముఖం మీద గాటు ఎక్కడుంది, అన్నీ రాశారు. కిందనే అతని గుర్రం రంగు, దాని మీద వేసిన ముద్ర. ఎందుకంటే హాజరు రోజున అద్దె గుర్రాన్ని చూపించి జీతం ఎత్తేవాళ్ళట. బోగస్ మస్టరు రోలు మన కాలంలోనే పుట్టిందని అనుకునేవాణ్ణి. మన సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో గుర్తింపు చిహ్నాలని రెండు పుట్టుమచ్చలు రాస్తామే, మూడు వందల ఏళ్ళ కిందట ఔరంగజేబు దండులో చలికి వేళ్ళు కొంకర్లు పోతూ ఎవడో ముహర్రిర్ అదే పని చేశాడు. ఆ సిపాయి ఏ యుద్ధంలో పోయాడో ఎవరికీ తెలియదు. ఎడమ కనుబొమ మీద గాటు ఉన్న సంగతి మాత్రం నిలిచింది. మాలో ఒకాయన, ముప్ఫై రెండేళ్ళు ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో చేసినవాడు, ఆ కాగితాలకు చేతులు జోడించాడు.

ఇక ఎజెండా సంగతి.

లైఫ్ సర్టిఫికెట్ల కంప్యూటరు వద్దని నేను అనడం లేదు. నవంబరు వచ్చిందంటే వేలిముద్ర పడక, ముఖం గుర్తుపట్టక మన పెద్దవాళ్ళు ఎన్ని చోట్లకు తిరుగుతున్నారో చూస్తూనే ఉన్నాను. ఆ ఏర్పాటు మన గదిలోనే ఉండాలి, తప్పకుండా ఉండాలి. నిన్న టేపు పట్టుకుని గది కొలిచాను. పన్నెండడుగులు, పద్నాలుగడుగులు. బీరువాలు రెండూ కలిపి ఆరడుగుల గోడ తీసుకుంటున్నాయి. కంప్యూటరు బల్లకు నాలుగడుగులు చాలు. కిటికీ కింద ఐదడుగుల ఖాళీ ఉంది. ఇప్పుడక్కడ ఏముంది? 2009 ఎన్నికల నాటి మన సంఘం బ్యానర్లు, విరిగిన కుర్చీలు నాలుగు, ఎవరూ అడగని జ్ఞాపికలు ఒక అట్టపెట్టెడు. వాటికి డిస్పోజలు వేయండి. ప్లగ్గు పాయింటు కూడా ఆ గోడకే ఉంది.

బీరువాలను ఎక్కడైనా పెద్ద మ్యూజియానికి ఇచ్చేయవచ్చు కదా అని కోశాధికారిగారు సూచించారు. మంచి మాటే. ఆ ఉర్దూ కాగితాల్లో అలా ఇవ్వదగినవి కొన్ని ఉన్నాయి కూడా, చదవడం పూర్తయ్యాక తార్నాకలో అడిగి చూద్దాం. కాని గంట మోగే తాళాన్ని పెద్ద మ్యూజియం ఎందుకు తీసుకుంటుంది? తీసుకున్నా ఆ అక్కయ్యగారు ప్రతి నెలా అక్కడికి వెళ్ళి దాన్ని తిప్పగలరా? ఆమెకిప్పుడు ఎనభై ఐదు. మన గదికి రావడానికే ఆటో ఎక్కాలి. అయినా వస్తారు. ఎదురుగా రెండో వరసలో కూర్చున్నారు చూడండి. తన గురించి చెప్పడానికి ఆమె అనుమతి తీసుకునే చెప్పాను.

ఇంకో మాట. భార్య పోయిన మన మిత్రులు ఈ సభలో చాలామంది ఉన్నారు. పేర్లు అనవసరం. నెలంతా ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. కొడుకూ కోడలూ మంచివాళ్ళే, వాళ్ళ పనులు వాళ్ళవి. "ఎట్లున్నరు" అని ఎవరైనా అడిగితే "బాగున్నం" అని ఊరుకుంటారు. అదే మనిషి చేతిలో లక్క సీలు పెట్టి చూడండి. కొవ్వొత్తి మీద లక్క ఎలా కరిగించాలి, ఎంత వేడికి సీలు ఒత్తాలి, తడి చేయకపోతే ఎలా అతుక్కుంటుంది, ఇన్సూరు కవరుకు ఎన్ని సీళ్ళు వేయాలి, అని అరగంట చెబుతారు. చెబుతూ చెబుతూ ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే ఆవిడ అన్నం మీద మూత పెట్టి ఎలా కూర్చునేదో కూడా చెబుతారు. ఆయన నోట ఆ మాట నేను విన్నది ఆ గదిలోనే, ఇంకెక్కడా వినలేదు.

నా సూచనలు ఇవి. బీరువాలు ఉన్నచోటే ఉండాలి. కంప్యూటరు కిటికీ కింద పెట్టాలి. తాళంచెవులు రెండు చేయించి ఒకటి మహిళా సభ్యుల దగ్గర ఉంచాలి, నేను ఎల్లకాలం ఉండను. వస్తువుల రిజిస్టరు ఒకటి నేను రాసి ఉంచాను, ఏ వస్తువు ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, తిరిగి కావాలంటే ఎవరికివ్వాలి అని. దాన్ని కమిటీ వారు ఏడాదికొకసారి తనిఖీ చేసి సంతకం పెట్టాలి. టీ ఖర్చు ఇప్పటిదాకా పళ్ళెంలో వేసిన చిల్లరతో నడుస్తోంది, సంఘం డబ్బు ఒక్క రూపాయి వాడలేదు. ఇకముందూ అడగం. ఓటింగు పెడతారా, చేతులెత్తిస్తారా, అది అధ్యక్షులవారి ఇష్టం.

తీర్మానం ఎలా వచ్చినా జనవరి మూడో ఆదివారం సంక్రాంతి వెళ్ళాక కలుస్తున్నాం. ఈసారి కొలపాత్రల వంతు. మానిక, సోల, గిద్దె, ఎవరి ఇంట ఏది ఉంటే అది తీసుకురండి. మీ ఊళ్ళో సేరు ఎంతో, మా ఊళ్ళో ఎంతో బియ్యం పోసి చూద్దాం. మనవలను వెంట తెస్తే వాళ్ళకు బిస్కెట్లు ఉంటాయి.

కూర్చునే ముందు ఒక విన్నపం. మొదటి బీరువా కింది అరలో ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంది. రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్దది, పైన దారం కట్టే చిల్లు, మధ్యలో 1146 అని కొట్టిన అంకె. కార్ఖానాలో హాజరుకు ఇచ్చే బిళ్ళ అని నా ఉద్దేశం. ఎవరు తెచ్చి పెట్టారో రిజిస్టరులో లేదు. మీ నాన్నగారిది గాని, మామగారిది గాని ఆ నంబరని ఎవరికైనా జ్ఞాపకముంటే టీ దగ్గర నాకు చెప్పండి. పేరు రాసుకుంటాను.